నూతి దగ్గరి కుండ, కరివేప కింది కుండ

అనగనగా, మన పెరటి రోళ్ళకు ఇంకా గాట్లు కొట్టని రోజుల్లో, ఎర్రమెట్ట అనే పట్నం ఉండేది. పట్నం వెనక కొండ. కొండ మీద అడవి. అడవి నిండా పువ్వులు, పువ్వుల నిండా తేనెటీగలు. పట్నానికి ఒక రాజు. అంతవరకూ అన్నీ బాగానే ఉన్నాయి.

బాగాలేనిది ఒక్కటే. ఆ పట్నంలో తేనె అమ్మేవాడు మాచయ్య.

ఈ కథ చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది పిల్లలూ. నాకు చెప్పిన మా నాయనమ్మకూ మండేది. మధ్యలో ఆపి, రెండు గుక్కల మంచినీళ్ళు తాగి, మళ్ళీ చెప్పేది. అయినా చెప్పకుండా ఉండకూడదు కాబట్టి చెబుతున్నాను. వినండి.

మాచయ్య కొట్టు పెద్దబజారు మొదట్లో ఉండేది. కొట్టు వెనకే ఇల్లు. రోజూ పొద్దున్నే కొట్టు ముందు పీట వేసుకుని కూర్చుని, దారిన పోయేవాళ్ళందరికీ వినబడేలా ఒకటే పాట పాడేవాడు.

"ఇది ఎవరో తెచ్చిన తేనె కాదు బాబూ! నేనే కొండెక్కి, నా చేతులతో తీసిన తేనె! నన్ను చూస్తే తేనెటీగలు పక్కకు తప్పుకుని దారిస్తాయి!"

అంతా అబద్ధం. మాచయ్య బుద్ధెరిగాక ఒక్కసారి కూడా కొండ ఎక్కలేదు. దూరంగా జుమ్మని చప్పుడు వినబడితే చాలు, పంచె ఎగ్గట్టి ఇంట్లో దూరి తలుపు గడియ పెట్టుకునేవాడు.

ఆ తేనె తీసేది బయ్యమ్మ. కొండ మీద గూడెంలో ఉండే ముసలామె. మనిషి సన్నగా, ఎండిన చింతబరికెలా ఉండేది. నెలకోసారి తేనెకుండ నెత్తిన పెట్టుకుని దిగి వచ్చేది. మాచయ్య ఆమెను వీధి గుమ్మంలోంచి రానిచ్చేవాడు కాడు. ఎవరూ చూడకుండా పెరటి దారిన రమ్మనేవాడు. ఇంత ఉప్పు, ఒక పాతచీర ఇచ్చి పంపేసి, ఆ కుండెడు తేనెలో రెండు కుండల బెల్లం పాకం కలిపేవాడు. ఆ తేనె వైద్యుడి మందులోకి పోయేది. గుళ్ళో అభిషేకానికి పోయేది. పుట్టిన బిడ్డ నాలుక మీదకూ పోయేది. పసిబిడ్డ నాలుక మీదకు, చూడండి! లోకంలో వాడు మొట్టమొదట రుచి చూసేది మాచయ్య అబద్ధం.

ఇలా ఏళ్ళు గడిచాయి.

మాచయ్య ఇంటికి పక్కవీధి వైపు గోడ రెండు మూరల మందం మట్టిగోడ. ఆ గోడలో ఒకప్పుడు పెద్ద దీపం గూడు ఉండేది. మాచయ్య తల్లి బతికున్నన్నాళ్ళూ సాయంత్రం కాగానే అందులో దీపం పెట్టేది. దారిన పోయేవాళ్ళ కాళ్ళకు రాళ్ళు తగలకుండా వెలుగు ఉండాలని ఆమె కోరిక. ఆ తల్లి పోయి పదోరోజన్నా కాలేదు, మాచయ్య ఆ గూటికి అడ్డంగా చెక్క కొట్టించి, మీద మట్టి మెత్తించి, సున్నం వేయించాడు.

"ఊళ్ళోవాళ్ళ కాళ్ళకు నా నూనె ఎందుకు?" అన్నాడు.

కొన్నాళ్ళకు చెక్క ఎండింది. మట్టి బీటలు వారింది. వేప పూసే రోజుల్లో ఒక తేనెటీగల గుంపు ఆ వీధిలోకి వచ్చి, చల్లటి చోటు కోసం వెతుక్కుని, బీటలోంచి లోపలికి దూరింది. అమ్మ దీపం పెట్టిన గూటిలో అవి తుట్టెలు కట్టుకున్నాయి, పిల్లల్ని పెట్టుకున్నాయి, తేనె కూర్చుకున్నాయి. ఎవరి జోలికీ పోలేదు.

మాచయ్యే వాటి జోలికి పోయాడు. గోడలోంచి వస్తున్న చప్పుడేమిటా అని బీట దగ్గర ముక్కు పెట్టి చూశాడు. ఒక ఈగ ఆ ముక్కు మీద కుట్టింది. ముక్కు వంకాయంత అయింది.

అతనికి నొప్పి కంటే భయం ఎక్కువైంది. "ఈగలు నాకు దారిస్తాయి" అని ఊరంతా చాటినవాడు. ఆ ఈగలే ఇంటికొచ్చి ముక్కు వాయగొట్టాయని తెలిస్తే ఊరు నవ్వదూ? ఎవరైనా అడిగితే గడప తగిలిందన్నాడు. ముక్కుకు గడప ఎలా తగిలిందని ఎవరూ అడగలేదు. అడగవలసింది.

గుట్టు చప్పుడు కాకుండా వాటిని వదిలించుకోవాలనుకున్నాడు.

మొదట బీటలో బంకమట్టి కూరాడు. వీధి వైపు దారి మూసుకుపోయేసరికి ఈగలు లోపలివైపు గోడలో ఇంకో బీట వెతుక్కుని వంటింట్లోకి వచ్చాయి. ఆ పూట పప్పులో ఆరు ఈగలు తేలాయి.

రెండోసారి గోడ కింద ఎండుమిరపకాయల పొగ వేశాడు. ఈగలు రెక్కలు ఆడించి ఆ పొగనంతా ఇంట్లోకే తోశాయి. మాచయ్యా, అతని భార్య నాంచారమ్మా రెండు రోజులు దగ్గుతూనే ఉన్నారు.

మూడోసారి పొరుగూరి నుంచి ఒక మంత్రగాణ్ణి రహస్యంగా పిలిపించాడు. మంత్రగాడు విభూది చేత పట్టుకుని, మూడు రోజుల్లో ఈగలు ఇల్లు వదిలి పోతాయన్నాడు. విభూది బీటలోకి ఊదాడు. ఈగలు పోలేదు గానీ, మంత్రగాడు మాత్రం ఆ క్షణమే పోయాడు. తలపాగా కోసం కూడా ఆగలేదు.

అప్పుడు నాంచారమ్మ అంది. "ఏమండీ, ఇదంతా ఎందుకు? మనకు తేనె తెచ్చే బయ్యమ్మను పిలవండి. ఆమెకు తెలిసిన పని."

మాచయ్యకు ఇష్టం లేదు. కానీ ముక్కు ఇంకా సలుపుతోంది. కబురు పంపాడు.

బయ్యమ్మ పెరటి దారిన వచ్చింది. గోడ దగ్గరకు పోయి, చెంబు బోర్లించి గోడకు ఆనించి, దానికి చెవి పెట్టి చాలాసేపు విన్నది. వేలి కణుపుతో మూడుచోట్ల తట్టింది. లోపల్నుంచి రొద పెద్దదై, మళ్ళీ సన్నగిల్లింది.

"బాగున్నాయి తల్లులు," అంది. "ఏడు తుట్టెలుంటాయి. పిల్లలు నిండుగా ఉండారు."

"నాకు వాటి కుశలం అక్కర్లేదు. బయటకు తియ్యి," అన్నాడు మాచయ్య.

"తీస్తా సామీ. కానీ ముందు మాట కావాల. తేనె నీది. ఈగలూ, పిల్లల తుట్టెలూ నావి. నేను వాటిని కొండకు మోసుకుపోతా. నీ ఇంట వాటికి కీడు జరగకూడదు. సరేనా?"

"సరే, సరే."

"చేతిలో చెయ్యేసి చెప్పు సామీ."

మాచయ్య ముఖం చిట్లించుకుని చేతిలో చెయ్యి వేశాడు. నాంచారమ్మ పక్కనే ఉంది.

"ఇంకో సంగతి," అన్నాడు మాచయ్య గొంతు తగ్గించి. "ఈ గోడ విషయం బజార్లో అనకు."

"ఎవరూ అడక్కపోతే నేను నోరెత్తను. అడిగితే నిజమే చెబుతా. నాకు ఇంకోటి చెప్పడం రాదు."

మాచయ్య లోలోపల నవ్వుకున్నాడు. నిజం చెప్పేవాళ్ళు లోకంలో ఉంటారని అతను ఎన్నడూ నమ్మలేదు. తనలాగే అందరూ అనుకునేవాడు.

బయ్యమ్మ నడుములోంచి కత్తి తీసింది. పాత కత్తి. వాళ్ళమ్మది, అంతకుముందు వాళ్ళ అవ్వది. దాని పిడికి ఒక పచ్చదారం ముడివేసి, బీట దగ్గర నోరు పెట్టి మెల్లగా అంది.

"అమ్మా, బువ్వ నేను తీసుకుంటా. బిడ్డల్ని నీకే అప్పజెబుతా. కొండ చేరేదాకా నీ భారం నాది."

"గోడతో మాట్లాడుతున్నావా?" అన్నాడు మాచయ్య.

"తల్లి ఈగతో సామీ. మా గూడెంలో ఎవరు తుట్టె తీసినా ముందు మాటిచ్చి దారం కడతాం. ఈగలు క్షేమంగా కొత్త ఇల్లు చేరినాక ముడి విప్పుతాం. మాట తప్పితే ఆ కత్తిని మట్టిలో పాతిపెట్టాల. మళ్ళీ జన్మలో తేనె తీయకూడదు. మా ఇంట మూడు తరాలుగా ఈ కత్తి మట్టి చూడలేదు."

"ఈగకు మాటివ్వడమా!" అని మాచయ్య పకపకా నవ్వాడు.

నవ్వనివ్వండి. అతని నవ్వును గుర్తు పెట్టుకోండి పిల్లలూ.

ఎండకు వీధిలో మనిషి లేని వేళ చూసి బయ్యమ్మ గునపంతో సున్నం రాల్చింది. మట్టి పెళ్ళలు తీసింది. చెక్క ఊడదీసింది. లోపల బంగారం రంగు తుట్టెలు ఏడు, పలకలు వరసగా వేలాడదీసినట్టు ఉన్నాయి. మాచయ్య అప్పటికే తలుపు చాటున ఉన్నాడు. నాంచారమ్మ మాత్రం దగ్గరే నిలబడి చూసింది.

ముసలిచేయి తొందరపడలేదు. తేనె ఉన్న ముక్కలు ఒకటొకటిగా కోసి ఒక కుండలో పెట్టింది. పిల్లలున్న ముక్కల్ని వెదురు బద్దలకు అరటినారతో కట్టి ఇంకో కుండలో నిలబెట్టింది. ఎండకు మైనం కరగకుండా ఆ కుండ అడుగున ముందే తడి ఇసుక పోసింది. చివరికి గూటి మూలలో తల్లి ఈగ కనిపించింది. పొడుగ్గా, నిదానంగా నడుస్తోంది. బయ్యమ్మ దాన్ని దోసిట్లోకి నడిపించుకుని పిల్లల కుండలో దింపింది. ఇక చూడాలి! మిగతా ఈగలన్నీ పెళ్ళివారి ఊరేగింపులా ఆ కుండలోకి నడిచిపోయాయి. తల్లీ పిల్లలూ దగ్గరకు చేరేసరికి రొద ఆగిపోయింది. కుండ చప్పుడు చేయకుండా కూర్చుంది.

బయ్యమ్మ రెండు కుండలకూ తడిగుడ్డ వాసెన కట్టింది. తేనెకుండను నూతి దగ్గర పెట్టింది. ఈగల కుండను కరివేప చెట్టు నీడన పెట్టింది.

"సామీ, నూతి దగ్గరి కుండలో తేనె ఉంది, అది నీది. కరివేప కింది కుండలో ఈగలుండాయి, అవి నావి. ఈ ఎండలో మోస్తే లేత తుట్టెలు జారిపోతాయి. పొద్దు వాలినాక మా తమ్ముణ్ణీ కావడినీ తెచ్చుకుని తీసుకుపోతా."

అది మొదటిసారి చెప్పడం.

ఇంతలో, మేతకు పోయి ఆలస్యంగా తిరిగొచ్చిన ఈగలు కొన్ని ఇల్లు కనబడక, తేనె వాసనకు నూతి దగ్గరి కుండ చుట్టూ ముసిరాయి. జుమ్మని ఒకటే రొద. కరివేప కింది కుండ మాత్రం నిద్రపోతున్నట్టుంది.

మాచయ్య తలుపు చాటు నుంచి అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఏ కుండలో తేనె ఉందన్నావు?"

"నూతి దగ్గరి దాంట్లో సామీ. పైన ముసిరినవి దారి తప్పిన ఈగలు. సాయంత్రానికి అవీ తల్లి దగ్గరకు చేరతాయి."

అది రెండోసారి.

బయ్యమ్మ పెరటి తడిక దాకా పోయింది. మాచయ్య వెనకనుంచి మళ్ళీ కేకేశాడు. "ఒట్టేసి చెప్పు! ఈగలు ఏ కుండలో ఉన్నాయి?"

"కరివేప కింది కుండలో సామీ. ఒట్టెందుకు, ఉన్నమాటకు?"

అది మూడోసారి. ఆమె వెళ్ళిపోయింది.

మాచయ్య పీట మీద కూలబడి ఆలోచించాడు. అతని ఆలోచన ఎలా సాగిందో చెబుతాను, ముక్కు మూసుకోండి, కంపు కొడుతుంది.

ఈగలు బతికి కొండకు పోతే మళ్ళీ ఇదే గోడకు రావని ఏమిటి? వాటిని చంపేస్తే పీడ వదులుతుంది, పైగా మైనం మిగులుతుంది. ఇక మాటంటావా, ముసలిదానికిచ్చిన మాట, అదీ ఈగల గురించి. దానికి విలువేమిటి? అయితే ఈగలు ఏ కుండలో ఉన్నాయి? ముసలిది మూడుసార్లు ఒకటే చెప్పింది. అంత గట్టిగా చెప్పిందంటే అది అబద్ధమే! నేనైతే ఏం చేసేవాణ్ణి? ఈగల కుండ చూపించి తేనె అనేవాణ్ణి, అసలు తేనెతో ఉడాయించేవాణ్ణి. అదీ అదే చేస్తోంది. రొద వినబడుతున్న కుండలో ఈగలుంటాయి గానీ, చప్పుడు లేని కుండలో ఉంటాయా?

"ముసలిదానా, నన్నే మోసం చేద్దామనుకున్నావా!" అని తొడ చరిచాడు.

జీవితమంతా తేనె అమ్ముకు బతికినవాడు. తేనె తెచ్చిపెట్టిన ఈగల్ని చంపడానికి లేచాడు. వాటిని కాపాడతానన్న మనిషిని దొంగ అనుకుంటూ లేచాడు. నీళ్ళ చెంబు ఇలా ఇవ్వండి, ఒక గుక్క తాగనివ్వండి.

స్నానాల కాగులో నీళ్ళు తెర్లుతున్నాయి. మాచయ్య తలకు, ఒంటికి గొంగళి చుట్టుకుని, బిందెడు మరిగే నీళ్ళు పట్టుకుని నూతి వైపు నడిచాడు. నాంచారమ్మ అడ్డుపడింది.

"ఏమండీ, చేతిలో చెయ్యేసి చెప్పారు. మాట తప్పకండి. పైగా అందులో ఉన్నది తేనే. నేను దగ్గరుండి చూశాను. ఆమె నిజం చెప్పింది."

"నువ్వూ దానితో కలిశావన్నమాట! పక్కకు తప్పుకో!"

భార్య కళ్ళారా చూసి చెప్పింది కూడా నమ్మలేదు. తడిగుడ్డ మీదుగా బిందెడు నీళ్ళూ కుండలోకి ఒలకబోశాడు. కుండ మీద ముసిరిన ఈగలు, పాపం, ఎగరబోతూనే నీళ్ళలో పడి మాడిపోయాయి. మాచయ్య భయంతో గుడ్డ విప్పి చూడలేదు. "అయిపోయాయి, అన్నీ అయిపోయాయి," అని చేతులు దులుపుకున్నాడు.

తర్వాత కరివేప కిందికి పోయి రెండో కుండ ఎత్తి చూశాడు. తడి ఇసుకతో బరువుగా ఉంది. "చూశావా, చిక్కటి తేనె!" అనుకుని, భార్య "వద్దండీ, వద్దండీ" అంటూ వెంటపడుతున్నా వినిపించుకోకుండా, కుండను చంకనెత్తుకుని కొట్లోకి పోయాడు.

కొట్లో ముగ్గురున్నారు. మందులోకి తేనె కోసం వైద్యుడు, అభిషేకానికి తేనె కోసం పూజారి, పదకొండో రోజు మనవడి నాలుకకు తేనె రాయాలని ఒక పెద్దావిడ.

మాచయ్య కుండను నడిమధ్యన దించి, గొంతు సవరించుకున్నాడు.

"మంచి సమయానికి వచ్చారు! ఈ పొద్దునే కొండెక్కి తీసిన తేనె! పెద్ద పెద్ద ఈగలు, లక్ష ఉంటాయి. నన్ను చూసి దండం పెట్టినంత పని చేసి పక్కకు తప్పుకున్నాయి!"

గుడ్డ లాగాడు. గరిటె ముంచాడు.

ఈగలు మాట్లాడే కథలు చాలా ఉన్నాయి పిల్లలూ. ఈ కథలో ఈగలు మాట్లాడవు. మాట్లాడితే అవి ఏమనేవో నాకు తెలుసు గానీ మీ ముందు అనకూడదు. అవి చేయవలసింది చేశాయి. గరిటె పిల్లల తుట్టెకు తగిలిందో లేదో, గుప్పున లేచాయి.

వైద్యుడూ పూజారీ పెద్దావిడా గోడకు ఆనుకుని కదలకుండా నిలబడ్డారు. వాళ్ళను ఒక్క ఈగ కూడా ముట్టుకోలేదు. గరిటె విసురుతూ, గొంగళి విదిలిస్తూ, "అమ్మో, చచ్చాన్రో!" అని గెంతేవాడి వెంటే పడ్డాయి. మాచయ్య గడప మీద బోర్లాపడి, లేచి, పక్కనున్న ఖాళీ వడ్ల గాదెలోకి తలకిందులుగా దూకాడు. రెండు కాళ్ళు మాత్రం పైకి కనబడ్డాయి. ఈగలు ఆ కాళ్ళనూ వదల్లేదు.

"కొండెక్కే మాచయ్యేనా ఈయన?" అంది పెద్దావిడ.

నాంచారమ్మ పరుగున పోయి, ఇంకా కొండ మొదలు చేరని బయ్యమ్మను పిలుచుకొచ్చింది. బయ్యమ్మ ఎవరినీ తిట్టలేదు. నీళ్ళు పుక్కిట పట్టి ఈగల మీద చిమ్మింది. కుండ పక్కన కూర్చుని లోపలికి చూసింది. తల్లి ఈగ తుట్టె మీదే ఉంది. పిల్లలు క్షేమం. మెల్లమెల్లగా ఈగలన్నీ మళ్ళీ కుండ చేరాయి. బయ్యమ్మ గుడ్డ కట్టింది.

అప్పుడామె నేల మీద చూసింది. కుట్టిన ఈగ బతకదు. కుట్టినవన్నీ కొట్టు నిండా రాలిపోయి ఉన్నాయి. పెరట్లోకి పోయి నూతి దగ్గరి కుండ చూసింది. ఆవిరి లేస్తోంది. తేనె నీళ్ళయిపోయింది. మీద చచ్చిన ఈగలు తేలుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా వేళ్ళతో ఏరి కొంగులో వేసుకుంది.

గాదెలోంచి మాచయ్యను ఇద్దరు పట్టి బయటకు లాగారు. ముఖం గుమ్మడికాయంత అయింది. ఆ ముఖం పెట్టుకుని ఏమన్నాడో తెలుసా? "క్షమించు" అనలేదు.

"మోసం! ఈ ముసలిది కుండలు మార్చింది! నా తేనె నాశనం చేసింది! పదండి రాజుగారి దగ్గరకు!"

బజారంతా వెంట నడిచింది. రాజుగారు కొలువులో ఉన్నారు. మాచయ్య కాళ్ళ మీద పడి తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"ఈమె నీకేం చెప్పింది?" అని అడిగారు రాజుగారు.

"నూతి దగ్గరి కుండలో ఈగలున్నాయనీ, కరివేప కింది కుండలో తేనె ఉందనీ తిరగేసి చెప్పింది ప్రభూ!"

ఇంకో అబద్ధం! రాజుగారి కళ్ళలోకి చూస్తూ!

రాజుగారు గడ్డం నిమురుకున్నారు. "సరే, నీ మాటే నిజమనుకుందాం. నూతి దగ్గర ఈగలున్నాయని ఆమె చెప్పింది, నువ్వు నమ్మావు. మరి ఆ ఈగలు ఎవరివి?"

"ఒప్పందం ప్రకారం... ఆమెవి ప్రభూ."

"ఆమెవైన ఈగల మీద మరిగే నీళ్ళు పోసిందెవరు?"

"పొరబాటు ప్రభూ! ఆమె తిరగేసి చెప్పలేదు. ఉన్నదున్నట్టే చెప్పింది. నూతి దగ్గర తేనె ఉందనే చెప్పింది."

"అలా అయితే నిన్ను మోసం చేసిందెవరు?"

అప్పుడు జనంలోంచి నాంచారమ్మ ముందుకొచ్చింది. మొగుడి వైపు చూడలేదు.

"ప్రభూ, ఆమె మూడుసార్లు నిజం చెప్పింది. మూడుసార్లూ నేను విన్నాను. నాలుగోసారి నేను చెప్పాను. మా అత్తగారు దీపం పెట్టిన గూటిలో బతికిన ప్రాణులవి. ఇచ్చిన మాట తప్పొద్దని అడ్డుపడ్డాను. నన్నూ నమ్మలేదు. ఇంకో మాట ప్రభూ. ఈయన జన్మలో కొండ ఎక్కలేదు. ఇన్నేళ్ళూ తేనె తెచ్చింది ఈ బయ్యమ్మే. అందులో బెల్లం పాకం కలిపింది మేమే. చూస్తూ ఊరుకున్నాను కాబట్టి నా తప్పూ ఉంది."

పెద్దావిడ గుండెల మీద చెయ్యేసుకుంది. "నా మనవళ్ళందరి నాలుక మీదా ఈ పాకమేనా!" అని మాచయ్య మీదకు వెళ్ళబోతే పక్కవాళ్ళు పట్టుకున్నారు.

మాచయ్య ఆఖరి ఎత్తు వేశాడు. "ప్రభూ, ఎంత చెప్పినా అవి ఈగలు! ఈగల గురించి ఇచ్చినదీ ఒక మాటేనా?"

బయ్యమ్మ ముందుకు వచ్చింది. కొంగు విప్పి, చచ్చిన ఈగల్ని రాజుగారి ముందు నేల మీద పోసింది.

"ఈగకిచ్చినా ఏనుగుకిచ్చినా ఇచ్చిన నోరు ఒకటే గదా సామీ. ఈయన నోటితో నాకు మాటిచ్చినాడు. నేను నా నోటితో వాటికి మాటిచ్చినా. తల్లీ పిల్లలూ బతికినారు కాబట్టి నా కత్తి నాకు మిగిలింది. లేకుంటే ఈ పొద్దు నా అవ్వ కత్తిని మట్టిలో పెట్టి, అడుక్కు తినేదాన్ని. ఈయనకు అది కూడా నవ్వులాటే. ఇవి మాత్రం ఏం తప్పు చేసినాయి? మేతకు పోయి ఇంటికొచ్చినాయి, అంతే."

రాజుగారు ఒక ఈగను అరచేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత తీర్పు చెప్పారు.

"మాచయ్యా, నిన్ను చెరసాలలో వేయను. నీ కొట్టు మూయించను. నీ నోటి మాటే నీకు ఆజ్ఞగా వేస్తున్నాను. నువ్వే కొండెక్కి, నీ చేతులతో తీసిన తేనె అమ్ముతున్నానని ఇన్నేళ్ళూ చాటావు. ఇకనుంచి అదే అమ్ము. నువ్వు స్వయంగా కొండెక్కి, స్వయంగా తీసిన తేనె తప్ప ఇంకో చుక్క నీ కొట్లో కనబడకూడదు. బయ్యమ్మ తన తేనెను పెద్దబజారు నడిబొడ్డున, వీధి దారిన వచ్చి, తన పేరు మీద తానే అమ్ముకుంటుంది."

బజారు బజారంతా ఘొల్లున నవ్వింది.

మాచయ్య ఒకే ఒక్కసారి కొండకు బయలుదేరాడు. కొండ మొదట్లో ఒక తుమ్మెద జుమ్మంది. అంతే, మళ్ళీ ఇంటి దగ్గరే తేలాడు. ఆ తర్వాత కొట్లో రోజూ పీట మీద ఒంటరిగా కూర్చునేవాడు. ముందు ఖాళీ కుండ ఉండేది. "బయ్యమ్మ తేనెలోనూ పాకం ఉందిలే, ఎవరు మాత్రం కలపరు?" అని దారిన పోయేవాళ్ళతో అనేవాడు. నిజంగానే అలా నమ్మేవాడు. నాకు అతని మీద కోపం తగ్గి కొంచెం జాలి కలిగేది అక్కడే. కొంచెమే.

గోడ పూడ్చడానికి మట్టి తెప్పిస్తే నాంచారమ్మ వెనక్కి పంపేసింది. గూడు కడిగి, అత్తగారి ప్రమిద వెతికి అందులో పెట్టింది. ఆ రోజు నుంచీ ఆ వీధిలో ఎవరి కాలికీ రాయి తగల్లేదు.

బయ్యమ్మ తమ్ముడి కావడిలో ఈగల కుండను కొండకు చేర్చింది. ఒక మద్ది చెట్టు తొర్రలో తుట్టెలు నిలబెట్టి, తల్లి ఈగను దింపి, మిగతావన్నీ లోపలికి నడిచేదాకా పక్కనే కూర్చుంది. అప్పుడు కత్తి తీసి, పిడికి కట్టిన పచ్చదారం ముడి విప్పింది.

అందుకే పిల్లలూ, అబద్ధానికి అలవాటు పడకండి. అలవాటు పడ్డవాడి ముందు నిజం వచ్చి మూడుసార్లు నిలబడినా, వాడు దాని మీద మరిగే నీళ్ళే పోస్తాడు.